చలువ రంగుకి వోచరేదీ?

రిటైరయ్యాక నేను పెట్టుకున్న పనుల్లో ఒకటి పంచాంగాల ఆడిట్. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఇన్ని కుంచాల వాన, అందులో సముద్రంలో ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని లెక్క చెబుతారు చూడండి, దాన్నీ వాతావరణ శాఖ వర్షపాతం అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. చేత్తో చేస్తే నా ఆయుష్షు చాలదు. అందుకని అరవై దాటాక పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. సెలవులకొచ్చిన మా అమ్మాయి నా ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటి వేసిపెట్టింది. అది తెరుచుకోగానే అడిగిన మొదటి ప్రశ్న, ఏ రంగుల పథకం కావాలి అని. పేర్లు చూస్తే చీరల కొట్టు జాబితాలా ఉంది.

"డార్క్ పెట్టుకో నాన్నా, కళ్ళకి హాయి. మా ఆఫీసులో అందరం అదే" అంది.

"పచ్చది లేదా అమ్మా? కళ్ళకి పచ్చ మంచిది కదా" అన్నాను నేను.

అనేశాక నాలుక్కరుచుకున్నాను. స్వాముల్నీ జ్యోతిష్కుల్నీ ఋజువేదీ అని అడిగే మనిషిని, ముప్పై ఏడేళ్ళు వోచరు లేనిదే పైసా పాస్ చెయ్యని మనిషిని, ఈ మాటకి నా దగ్గరున్న వోచరేమిటి? ఇదే మాట 1991లో ఒకసారి ఒక ఫైలు మీద కూడా రాశాను. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ పద్దు ఎక్కణ్ణుంచి మొదలైందో చూద్దామని కూర్చున్నాను.

మన భాషలోనే చూడండి. నల్లద్దాలని మనం చలువ కళ్ళద్దాలు అంటాం. కళ్ళు మండితే నందివర్ధనం పూలు పెట్టుకోమంటారు, చలవ చేస్తుందని. పచ్చని పొలం చూస్తే కళ్ళకి చల్లగా ఉందంటాం. తడిపూవు చల్లగా ఉంటుంది, నిజమే, అందులో నీళ్ళున్నాయి. రంగుకి చలవేమిటి? ఉపమానంగా పుట్టిన మాట మెల్లగా వైద్యమైపోయింది. ఇది మన ఒక్కరి సొత్తు కూడా కాదు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్రలో మరకతమణి గురించి రాస్తూ, రత్నాలు చెక్కే పనివాళ్ళు అలసిన కళ్ళని దానివైపు చూసి సేదతీర్చుకుంటారని చెప్పాడు. నీరో చక్రవర్తి మల్లయోధుల పోట్లాటల్ని మరకతంలో చూసేవాడని కూడా రాశాడు. నీరో కళ్ళు చల్లబడ్డాయో లేదో గానీ బుద్ధి మాత్రం చల్లబడినట్టు చరిత్రలో లేదు.

నాకు బాగా దగ్గరగా అనిపించిన మనిషి మాత్రం శామ్యూల్ పెపీస్. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి ఆయన దినచర్య రాసిన రసికుడు. నాకు మాత్రం ఆయన సహోద్యోగి! 1660 నుంచి ఇంగ్లాండు నౌకాదళ బోర్డులో గుమాస్తా హోదా గల అధికారి. తాళ్ళు, కలప, నావికుల జీతాలు, కాంట్రాక్టర్ల బిల్లులు, వీటి లెక్కలన్నీ కొవ్వొత్తి వెలుగులో చూసేవాడు. రాత్రి ఇంటికొచ్చి అదే కొవ్వొత్తి ముందు చిన్న చిన్న గీతల షార్ట్‌హ్యాండులో దినచర్య రాసేవాడు. కళ్ళు నొప్పులు, మంట, నీళ్ళు కారడం. 1666 డిసెంబరులో ఆకుపచ్చ కళ్ళద్దాలు కొన్నాడు, ఏమైనా పనిచేస్తాయేమోనని. తగ్గలేదు. తరవాత 1668లో కాగితపు గొట్టాలు చేయించుకుని వాటిలోంచి చదివాడు. చుట్టుపక్కల వెలుగు కంట్లో పడకుండా ఆ గొట్టాలు కొంత మేలు చేశాయి. అంటే రంగు చెయ్యలేని పనిని అట్టముక్క చేసిందన్నమాట. కానీ అదీ చాలలేదు. గుడ్డివాణ్ణయిపోతానన్న భయంతో 1669 మే 31న దినచర్య ఆపేశాడు. ఆ చివరి రోజు రాతలో ఆ భయం కనబడుతుంది.

ఆయన గుడ్డివాడు కాలేదు. ఆ తరవాత 34 ఏళ్ళు బతికి 1703లో పోయాడు. ఆయన చెప్పుకున్న లక్షణాలు చూసిన తర్వాతి కాలపు డాక్టర్లు ప్లస్ పవరూ దానికి తోడు సిలిండర్ పవరూ ఉండి ఉంటాయని అంచనా కట్టారు. సిలిండర్ దోషాన్ని సరిచేసే అద్దం 1825 ప్రాంతంలో జార్జ్ ఏరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన కంటికోసం తయారుచేయించుకునేదాకా లోకంలో లేదు. కనక పెపీస్‌ని తప్పుపట్టలేం. అసలు మందు లేనిచోట ఆకుపచ్చ అద్దం అమ్ముడుపోయింది. నూరేళ్ళ తరవాత కూడా, 1750లలో, జేమ్స్ ఏస్కో అనే లండన్ కళ్ళద్దాల వ్యాపారి తెల్ల గాజు కంటికి చెరుపు, ఆకుపచ్చో నీలమో వాడండి అని ప్రచారం చేశాడు. ఇక్కడ నాకు ఆడిటరు అనుమానమొకటి వస్తుంది. రంగుటద్దం ఏ రంగైనా వెలుగుని తగ్గిస్తుంది. తగ్గిన వెలుగు ఇచ్చిన హాయిని రంగు ఖాతాలో జమ వేసుకున్నారు.

నీలం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన జనరల్ అగస్టస్ ప్లెజంటన్, 1860లలో తన ద్రాక్షపందిరి గృహానికి మధ్యమధ్య నీలపు అద్దాలు బిగించి, కాపు విపరీతంగా వచ్చిందన్నాడు. పందుల్ని నీలపు వెలుగులో పెంచి అవి బలిశాయన్నాడు. 1876లో దీని మీద పుస్తకం వేస్తూ నీలపు కాగితం మీద నీలపు సిరాతో అచ్చేయించాడు, పాఠకుల కళ్ళకి తెల్లకాగితం మెరుపు తగలకూడదని! చదవాల్సిన కళ్ళ మీద కరుణతో చదవడానికి వీల్లేని పుస్తకం వెయ్యడమంటే ఇదే. మరుసటేడు అమెరికాలో జనం నీలపు అద్దాలకోసం ఎగబడ్డారు. కీళ్ళనొప్పులు పోతాయని వాటికింద కూర్చున్నారు. నీలపు అద్దం సూర్యరశ్మికి కొత్తగా ఏదీ కలపదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తుందంతే అని సైంటిఫిక్ అమెరికన్ పత్రిక రాసింది. మోజు చల్లారింది. ఇంకో నూటయాభై ఏళ్ళకి అదే నీలం కళ్ళకి విషమని పేరు తెచ్చుకోవడం మాత్రం ఆ జనరల్ ఊహించి ఉండడు.

మా వృత్తికీ దీంట్లో వాటా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచి అమెరికాలో అకౌంటెంట్లు, టెలిగ్రాఫ్ గుమాస్తాలు, పత్రికల ఉపసంపాదకులు నుదుటికి ఆకుపచ్చ సెల్యులాయిడ్ చూరు కట్టుకుని పనిచేసేవారు. నెత్తిమీద దీపం వెలుగు కంట్లో పడకుండా ఆపింది ఆ చూరు. పేరు మళ్ళీ పచ్చకే! మా కాలంలో కంప్యూటర్ ప్రింటౌట్లు వచ్చే 132 అక్షరాల వెడల్పు కాగితానికి లేత పచ్చ పట్టీలు ఉండేవి. వాటి ఉపయోగం ఒక వరసలో అంకె చదువుతూ పక్క వరసలోకి జారిపోకుండా ఉండటం. మా సెక్షన్లో అందరం మాత్రం అది కంటికి మంచిదని పెట్టారనే అనుకునేవాళ్ళం.

ఎవరూ కొలవలేదా అంటే, కొలిచారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, టింకర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1931లో రకరకాల రంగుల కాగితాల మీద రకరకాల రంగుల సిరాలతో అచ్చేసిన పాఠాల్ని విద్యార్థులచేత చదివించి వేగం లెక్కకట్టారు. తేలిందేమిటంటే ఏ రంగన్నది అసలు విషయం కాదు. అక్షరానికీ కాగితానికీ మధ్య వెలుగునీడల తేడా ఎంతన్నదే ముఖ్యం. తేడా బాగా ఉంటే ఏ జోడీ అయినా చదవొచ్చు, లేకపోతే ఎంత అందమైన జోడీ అయినా కళ్ళు చిట్లించాల్సిందే. నల్లకాగితం మీద తెల్ల అక్షరాలు, తెల్లకాగితం మీద నల్ల అక్షరాలకన్నా సుమారు పదిశాతం నెమ్మదిగా చదవబడ్డాయని కూడా అదే ఏడు చెప్పారు.

ఇంత తెలిశాక కూడా కంప్యూటర్ తెరలు పచ్చగా ఎందుకొచ్చాయి? కళ్ళమీద ప్రేమతో కాదు. పిక్చర్ ట్యూబు లోపల పూసే ఫాస్ఫర్ పూతల్లో పచ్చగా వెలిగేవి ముందే ఆసిలోస్కోపుల్లో, రాడార్లలో నలిగిన సరుకు. మనిషి కన్ను పగటి వెలుగులో 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా స్పందిస్తుంది కనక తక్కువ శక్తితో ఎక్కువ కాంతిగా కనబడుతుంది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌తో ఇచ్చిన 5151 మానిటర్‌లో పీ39 అనే పూత ఉండేది. ఒకసారి వెలిగితే నెమ్మదిగా ఆరుతుంది. అందుకని తెరని సెకనుకి 50 సార్లే తిరగరాసినా మిణుకుమనేది కాదు. కిందకి జరిపితే పాత వరసల దెయ్యాలు కాసేపు తెరమీద తిరిగేవి, అది వేరే సంగతి. తెల్ల నేపథ్యం ఇవ్వాలంటే మరింత వేగంగా తిరగరాయాలి, ఖర్చెక్కువ. ఖర్చు లెక్క ఆరోగ్య సూత్రంగా మారింది. ఆ పైన యూరప్‌లో కాషాయ పసుపు తెర ఇంకా మంచిదని కొందరన్నారు, కంపెనీలు అదీ అమ్మాయి.

ఇప్పుడు 1991 సంగతి. నేను అప్పటికి ఎస్.ఏ.ఎస్. పరీక్ష పాసై సెక్షన్ ఆఫీసర్ని. ఆఫీసు పేరు, ఊరు పేరు వద్దు. జవాన్ల జీతాల ఖాతాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రోజులవి. ఒక గదిలో ఆరు పచ్చ టెర్మినళ్ళు. అక్కడ పనిచేసే ఒకమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి వస్తోందనీ, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియడం లేదనీ, తనని కొన్నాళ్ళు కాగితం పనికి మార్చమనీ దరఖాస్తు పెట్టుకుంది. నేను ఆ ఫైలు మీద ఇంగ్లీషులో ఏం రాశానో ఇప్పటికీ గుర్తుంది. తెరలు పచ్చరంగువి, అది కళ్ళకి విశ్రాంతినిచ్చే రంగు కనక ఆరోపణకి ఆధారం లేదు, అభ్యర్థన పరిగణించ వీలులేదు అని. డాక్టరు దగ్గరకి పంపాలని గానీ ఆమె కూర్చునే చోటికి వెళ్ళి చూడాలని గానీ తోచలేదు. ఆధారం లేదని ఆమెని అన్న నేను, నా మాటకి ఆధారం ఎవర్నీ అడగలేదు.

అయిదు నెలల తరవాత తనిఖీలో తప్పులు బయటపడ్డాయి. మూడు ఉండాల్సిన చోట ఎనిమిది, ఎనిమిది ఉండాల్సిన చోట మూడు. కొందరు జవాన్ల జీతాల్లోంచి అక్కర్లేని కోతలు పడ్డాయి. ఎక్కడో సరిహద్దులో ఉన్న మనిషి ఇంటికి పంపాల్సిన డబ్బు ఆ నెల తగ్గిపోయిందన్నమాట. ఆమెకి మెమో ఇచ్చారు. దానిమీద సంతకం నాది. ఆమె సొంతంగా సెలవు పెట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్తే ప్లస్ పవరూ సిలిండరూ రెండూ ఉన్నాయని తేలింది. అచ్చం మన పెపీస్‌లా! కళ్ళజోడు వచ్చాక నేను మొదటిసారి ఆమె కుర్చీలో కూర్చుని చూశాను. వెనక కిటికీ, పైన ట్యూబులైటు రెండూ తెరలో మెరుస్తున్నాయి. టెర్మినల్‌ని పక్కకి తిప్పించాం. తప్పులు ఆగిపోయాయి. మెమో మాత్రం ఆమె ఫైలులో ఉండిపోయింది. దాన్ని రద్దుచేయిస్తూ నాలుగు వాక్యాలు రాయడం నా చేతిలో పని. పైవాళ్ళ ముందు నా పాత నోటు బయటపడుతుందని రాయలేదు.

ఆ నోటు రాసేనాటికి పదకొండేళ్ళ ముందే, 1980లో, బావర్, కవోనియస్ అనే పరిశోధకులు వెలుతురు తెరమీద నల్ల అక్షరాలే తక్కువ తప్పులతో చదవబడతాయని ప్రచురించారు. నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. తరవాత 2007లో జర్మనీలో బుఖ్నర్, బౌమ్‌గార్ట్‌నర్ చేసిన ప్రయోగాలు ఇంకా ముచ్చటైనవి. అచ్చుతప్పులు పట్టే పనిలో లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలే ప్రతిసారీ మెరుగు. గదిలో చీకటైనా వెలుతురైనా అంతే. నలుపు తెలుపులైనా, నీలం పసుపులైనా అంతే. వెలుగు తేడా లేకుండా ఎరుపు, ఆకుపచ్చల తేడా ఒక్కటే ఉంటే అది సరిపోలేదు. అసలు గమనించాల్సింది ఏమిటంటే, కళ్ళు అలిశాయా, తల నొప్పిగా ఉందా అని అడిగితే ఏ రంగుల జోడీకీ జవాబులు మారలేదు. అంటే రంగు మారిస్తే చదువు నాణ్యత మారొచ్చు గానీ, మనం అందరం చెప్పుకునే ఆ "హాయి" మాత్రం కొలతకి అందలేదు. 2013లో ఇదే బృందం పెద్దవయసువాళ్ళ మీద కూడా పరీక్షించింది, అక్కడా లేత నేపథ్యానిదే పైచెయ్యి.

కారణంగా చెప్పేది సులభంగా అర్థమయ్యేదే (నేను సీఈసీ, బీకాం వాణ్ణి, నాకే అర్థమైంది). తెర వెలుతురుగా ఉంటే కంటిపాప ముడుచుకుంటుంది. చిన్న రంధ్రంలోంచి వచ్చే బొమ్మ పదునుగా ఉంటుంది. చీకటి తెర ముందు పాప విచ్చుకుంటుంది, కంటి కటకంలో ఉన్న లోపాలన్నీ బయటపడతాయి. సిలిండర్ పవరున్నవాళ్ళకి నల్లటి తెరమీద తెల్ల అక్షరాల చుట్టూ మసక వెలుగు కనబడేది ఇందుకే. అయితే దీనికి ఒక మినహాయింపుంది. కంట్లో శుక్లం లాంటి మబ్బున్నవాళ్ళలో చాలామంది చీకటి నేపథ్యం మీద తెల్ల అక్షరాల్నే మెరుగ్గా చదువుతారని లెగ్, ఆయన సహచరులు 1985లో చూపించారు. తెల్లతెర వెలుగంతా ఆ మబ్బులో చెదిరిపోతుంది మరి. కనక డార్క్ థీమ్ పెట్టుకున్నవాళ్ళని వెక్కిరించడం కూడా హేతువాదం కాదు.

ఎడిటర్లలో రంగులు మొదట కళ్ళకోసం రాలేదు. 1985లో ఐబీఎం ఇంజనీరు మైక్ కౌలిషా, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుని కంప్యూటర్లోకి ఎక్కించే పనికోసం లెక్స్ అనే ఎడిటర్ రాస్తూ, ఆరోపం ఏదో అర్థం ఏదో ఉదాహరణ ఏదో వెంటనే తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగిచ్చాడు. మనం ఖాతాలో జమ నలుపులో, బాకీ ఎరుపులో రాసుకున్నట్టు. మన దేశంలో ఇంజనీరింగు చదివిన ఒక తరానికి ప్రోగ్రామింగ్ అంటే టర్బో సీ నీలపు తెరమీద పసుపు అక్షరాలే. 2011లో ఈథన్ షూనోవర్ విడుదల చేసిన సోలరైజ్డ్ అనే పథకం నాకు నచ్చింది, ఎందుకంటే ఆయన కళ్ళుమూసుకుని రంగులు ఏరలేదు. మనిషి కంటికి కనబడే వెలుగుని కొలిచే సీల్యాబ్ లెక్క ప్రకారం పదహారు రంగులు ఏర్పాటుచేశాడు. లెక్క చూపించాడు కనక నేనూ లెక్క చూశాను. లేత పథకంలో మామూలు అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు నిష్పత్తి 4.1 చిల్లర వచ్చింది. వెబ్ పేజీలు అందరికీ ఆనడానికి 2008లో పెట్టిన ప్రమాణం 4.5. వ్యాఖ్యల రంగుకయితే రెండున్నరే. ముప్పై ఏళ్ళ కన్ను దాన్ని మృదువుగా ఉందంటుంది, నాలాంటి అరవై దాటిన కన్ను ఆనడం లేదంటుంది.

2018, 2019ల్లో ఆపిల్, గూగుల్ తమ యంత్రాలన్నిటికీ డార్క్ మోడ్ పెట్టాక ఇది ఆరోగ్య ప్రచారమైపోయింది. బ్యాటరీ ఆదా అన్నారు. ఓఎల్ఈడీ తెరల మీద పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో కొలిస్తే, మనం మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం వెలుతురులో ఆదా 3 నుంచి 9 శాతమే. నీలికాంతిని ఆపే కళ్ళద్దాల మీద 17 ప్రయోగాల్ని పరిశీలించిన 2023 కోక్రేన్ సమీక్ష, కళ్ళ అలసటలో బహుశా ఏ తేడా ఉండదని చెప్పింది. మా వీధి చివరి కళ్ళజోళ్ళ కొట్టులో మాత్రం దానికి పదకొండువందలు అదనం. అసలు అలసట ఎక్కణ్ణుంచి వస్తుందో 1993లోనే జపాన్ డాక్టర్లు సుబోటా, నకమోరి చూపించారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు రెప్పవేసే మనిషి, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ ముందు 7 సార్లే వేస్తాడు. కన్ను ఎండిపోతోంది. రెప్ప వెయ్యనివాడికి ఏ థీమ్ వేసినా ఒకటే.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. "అయితే నా డార్క్ థీమ్ తప్పా నాన్నా?" అంది. తప్పేం లేదమ్మా, నీకిష్టమని చెప్పు చాలు, మంచిదని చెప్పకు అన్నాను. తనకి కొంచెం కోపం వచ్చింది. తరవాత, పోనీ మీ 1991 అమ్మాయి ఇప్పుడెక్కడుంది అని అడిగింది. తెలియదు. నాకన్నా చిన్నది కనక ఈపాటికి రిటైరై ఉంటుంది. ఆ మెమో వల్ల ప్రమోషన్ ఏదైనా ఆలస్యమైందేమో కూడా నేను కనుక్కోలేదు.

నా కుడికన్ను బాగానే ఉంది. ఎడమదాంట్లో శుక్లం మొదలైందని డాక్టరు చెప్పింది. పగలు లేత నేపథ్యం, ముదురు అక్షరం, ఒక సైజు పెంచి పెట్టుకున్నాను. బల్లని కిటికీకి అడ్డంగా తిప్పాను. ఎడమకన్ను ముదిరాక చీకటి తెర మెరుగవుతుందేమో అప్పుడు పరీక్షించి చూస్తాను. థీమ్‌లో ఒక్కటి మాత్రం మార్చాను. దాదాపు అన్ని పథకాల్లోనూ ప్రోగ్రాము మధ్యలో రాసుకునే వ్యాఖ్యలకి వెలిసిపోయిన బూడిదరంగు ఇస్తారు. ఖాతా పుస్తకంలో రిమార్కుల గడి ఆనకపోతే ఆడిటరు దేన్ని చూసి సంతకం పెట్టాలి? ముదురు గోధుమరంగు పెట్టాను. అమ్మాయి చూసి "చాలా అసహ్యంగా ఉంది నాన్నా" అంది. ఉంది. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలుస్తోంది.